రోడ్డు దుమ్ముకు రాని ఆయాసం ఇంటి దుమ్ముకెందుకు?

ఎండాకాలం మట్టిరోడ్డు మీద లారీ వెనకాల బండి నడిపితే దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే చాలామందికి సర్దుకుంటుంది. అదే మనిషి అటక మీది పాత బొంత దింపి ఒక్కసారి విదిలిస్తే చాలు, వరసగా తుమ్ములు, ముక్కులోంచి నీళ్లు, అర్ధరాత్రి దాటాక ఛాతీలో పిల్లికూతలు. లారీ లేపిన దుమ్ము గుప్పెళ్ల కొద్దీ ఉంటుంది. బొంతలోంచి లేచింది చిటికెడు కూడా ఉండదు. అయినా మనిషిని మంచాన పడేసేది ఆ చిటికెడే. రోడ్డు దుమ్ము మంచిదని కాదు, దాని హాని వేరే లెక్క. ఇంటి దుమ్ములో మాత్రం బయటి దుమ్ములో లేనిదేదో ఉంది. అదేమిటో తేల్చడానికి వైద్యులకు నలభై ఏళ్లకు పైగా పట్టింది. మన ఇళ్లలో శుభ్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే ఆ వెతుకులాట ఎలా సాగిందో తెలియాలి.

1921లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కెర్న్ ఉబ్బసం రోగుల సొంత ఇళ్లలోని దుమ్మునే తీసుకుని, దాని సారంతో వాళ్ల చర్మం మీద పరీక్ష చేశారు. ఆ చోట దద్దురు లేచింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో రాబర్ట్ కుక్ అదే దారిలో ముందుకు వెళ్లారు. ఇంటి దుమ్ములో ఉండేవి తెలిసిన సరుకులే: బట్టల నూగు, జుట్టు, ఈకల తుక్కు, పిల్లి బొచ్చు, తిండి పొడి, పొగచూరు, మట్టి. కానీ వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా పరీక్షించినా ఇంటి దుమ్ముకు వచ్చినంత దద్దురు రాని రోగులు ఎందరో ఉన్నారు. పిల్లి లేని ఇంటి దుమ్ముకూ దద్దురు లేస్తోంది, ఈకల దిండు లేని ఇంటి దుమ్ముకూ లేస్తోంది. అంటే అన్ని ఇళ్లలోనూ ఉండే ఒకే పదార్థం ఏదో ఉండాలి. దానికి పేరు లేదు, రూపం తెలియదు. ఆ పదార్థమేమిటో తెలియకుండానే వైద్యులు దశాబ్దాల పాటు ఇంటి దుమ్ము సారాన్ని సీసాల్లో పోసి, చిన్న చిన్న మోతాదుల్లో సూదిమందుగా ఇస్తూ వచ్చారు.

నిజానికి ఒక ఆనవాలు అంతకు మూడున్నర వందల ఏళ్లకు పైగా ముందే దొరికింది. స్కాట్లాండ్‌లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్‌ను ఉబ్బసం పట్టి పీడిస్తుంటే, 1552లో ఇటలీ నుంచి జిరోలామో కార్డానోను పిలిపించారు. కార్డానో వైద్యుడే కాదు, బీజగణితంలో పెద్ద పేరున్న మనిషి. ఆయన రోగి తిండి మార్చారు, నిద్ర వేళలు మార్చారు, ఈకల పరుపూ ఈకల దిండూ తీసేయించి పట్టు వాడమన్నారు. ఆర్చిబిషప్ కోలుకున్నారు. దాదాపు ఇరవై ఏళ్లు బతికి 1571లో ఉరికంబం ఎక్కారు. అది రాజకీయం, ఉబ్బసం కాదు. ఈ కథ విన్నవాళ్లంతా ఈకలదే తప్పు అనుకున్నారు. ఈకలు లేని పక్కల మీద పడుకునేవాళ్లకూ ఉబ్బసం వస్తోందని తెలిసినప్పుడు ఆ మాట నిలబడలేదు. కార్డానో కథలో పట్టుకోవాల్సింది ఈక కాదు, పక్క. మనిషి రోజులో మూడోవంతు ముక్కు ఆనించి ఉండే చోటు అది.

1930ల నాటికి ఇంకో వింత బయటపడింది. బూరుగు దూది, పత్తి దూది కొత్తగా ఉన్నప్పుడు వాటి సారానికి రోగుల చర్మం పెద్దగా స్పందించలేదు. ఏళ్ల తరబడి వాడిన దిండులోని పాత దూది సారానికి మాత్రం గట్టిగా దద్దురు వచ్చింది. దూది పాతబడే కొద్దీ దానిలోనే ఏదో రసాయన మార్పు జరిగి విషంలాంటిది పుడుతోందని కొందరు వాదించారు. చక్కెరలూ మాంసకృత్తులూ నెమ్మదిగా కలిసి మారిపోవడం వల్లనే ఈ పదార్థం తయారవుతుందన్న రసాయన సిద్ధాంతం 1960లలో కూడా బలంగానే ఉంది. ఆ వాదన తెలివితక్కువదేమీ కాదు. చూసింది నిజమే, పాత దిండులో హాని ఎక్కువే. కానీ ఆ కాలమంతా దిండు మీద ఇంకెవరు కాపురం ఉన్నారన్న ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

అసలు దారి చూపింది నెదర్లాండ్స్ దేశపు చెమ్మ. లైడెన్ కాలువల ఊరు, చుట్టూ పల్లపు నేల. అక్కడి విశ్వవిద్యాలయంలో 1920లలో విల్లెం స్టార్మ్ వాన్ లేవెన్ అనే ఆచార్యుడు తన రోగుల్లో రెండు సంగతులు గమనించారు. చెమ్మ ప్రాంతాల్లో ఉబ్బసం ఎక్కువ. అదే రోగుల్ని స్విట్జర్లాండ్ కొండల మీదికి తీసుకెళితే, మందు మారకుండానే, ఊపిరి తేలికపడుతుంది. సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న దావోస్ అప్పటికే క్షయ రోగుల శానిటోరియంలకు పేరుపొందిన ఊరు. కొండగాలి గొప్పదనం అని ఊరుకోకుండా ఆయన లైడెన్‌లోనే ఒక గది కట్టించారు. బయట ఎత్తు నుంచి తీసుకున్న శుభ్రమైన గాలి మాత్రమే అందులోకి వచ్చే ఏర్పాటు చేశారు. ఆ గదిలో ఉంచిన రోగులు చాలామంది కుదుటపడ్డారు, ఇంటికి పోగానే మళ్లీ ఆయాసం. అంటే కొండలో ఉన్నది ఔషధం కాదు, ఇంట్లో ఉన్నదేదో కొండ మీద లేదు. అది చెమ్మతో ముడిపడినదే. ఆయన అనుమానించిన వాటిలో గోడల బూజు ఒకటి. ఆ అనుమానం సగం సరైనదే, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక 1928 నాటి సంఘటన తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. డెక్కర్ అనే జర్మన్ వైద్యుడు పరుపుల దుమ్మును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో తిరుగుతున్న మైట్లను చూశారు. మైట్లంటే సాలీడు జాతికి దగ్గరి బంధువులైన ఎనిమిది కాళ్ల సూక్ష్మ జీవులు. మన రైతులు మిరప తోటలో నల్లి అనేది ఈ వంశానిదే. ఉబ్బసానికీ వీటికీ సంబంధం ఉందని డెక్కర్ ‘ఉబ్బసం - మైట్లు’ అన్న అర్థం వచ్చే పేరుతో వైద్య పత్రికలో రాశారు. పక్కలు శుభ్రం చేయిస్తే రోగులకు మేలు కలుగుతోందనీ చెప్పారు. జవాబు చేతిలోకి వచ్చేసింది. కానీ ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకని? నా మటుకు నాకు తోచే కారణం, అప్పటి వైద్యులంతా దుమ్ములో పదార్థం కోసం వెతుకుతున్నారు, ప్రాణి కోసం కాదు. పైగా ఈ పురుగు కుట్టదు, కరవదు, ఒంటి మీద మచ్చ వదలదు. కుట్టని పురుగు జబ్బెలా చేస్తుందన్న ప్రశ్నకు అప్పట్లో జవాబు లేదు.

ముప్పై ఆరేళ్లు గడిచాయి. మళ్లీ అదే లైడెన్. రైండర్ట్ వోర్‌హార్స్ట్ అనే వైద్యుడు, ఫ్రిట్స్ స్పీక్స్‌మా, మారిస్ స్పీక్స్‌మా-బూజెమాన్ అనే జీవశాస్త్రజ్ఞులతో కలిసి పాత ఆనవాళ్లన్నీ ఒకచోట పేర్చారు. వేర్వేరు ఇళ్ల దుమ్మును పోల్చి చూస్తే చెమ్మ ఇళ్ల దుమ్ము ఎక్కువ ఘాటుగా ఉంది, పొడి ఇళ్ల దుమ్ము తక్కువగా. వేసవి చివర్లోనూ శరదృతువులోనూ రోగులకు బాధ ముదురుతోంది. పరుపు దుమ్ము అన్నిటికన్నా ఘాటు. చెమ్మను బట్టీ, రుతువును బట్టీ పెరిగి తరిగేది రసాయనం కన్నా ప్రాణి అయ్యే అవకాశమే ఎక్కువ. బూజు లెక్క ఈ హెచ్చుతగ్గులకు సరిగా సరిపోలేదు. అప్పుడు దుమ్మును ద్రవంలో కలిపి, జల్లించి, సూక్ష్మదర్శిని కింద ఓపిగ్గా పురుగుల్ని లెక్కపెట్టారు. ఏ దుమ్ము ఘాటుగా ఉందో ఆ దుమ్ములో మైట్లు ఎక్కువగా ఉన్నాయి.

1964లో వాళ్లు అచ్చు వేసిన వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న: ఇంటి దుమ్ములోని ఆ పదార్థాన్ని తయారుచేసేది మైటేనా అని. ఆ తర్వాత మైట్లను ప్రయోగశాలలో పెంచారు. వాటి మేత మనిషి చర్మం నుంచి రాలే పొలుసులు. గడ్డం గీసిన తుక్కు కూడా వాటికి విందే. పెంచిన మైట్ల సారాన్ని రోగుల చర్మం మీద పరీక్షిస్తే ఇంటి దుమ్ము కన్నా చాలా రెట్లు ఘాటుగా దద్దురు లేచింది. 1967 నాటికి రెండూ ఒకటేనని చూపించారు. 1968లో జపాన్ శాస్త్రవేత్తలు తమ ఇళ్ల దుమ్ములోనూ అదే పొంతన చూశారు. 1971లో స్పీక్స్‌మా బృందం దావోస్ వెళ్లి అక్కడి పరుపుల దుమ్ము వెతికితే మైట్లు చాలా అరుదుగా కనిపించాయి. స్టార్మ్ వాన్ లేవెన్ రోగులు కొండెక్కగానే ఎందుకు తేరుకునేవారో అప్పుడు తేలింది.

ఈ పురుగును కొత్తగా కనిపెట్టారని కూడా కాదు. ఫ్రాన్స్ జంతుశాస్త్రజ్ఞుడు త్రూయెస్సార్ 1897లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఒక శాస్త్రం చేతిలో పురుగు ఉంది, ఇంకో శాస్త్రం చేతిలో రోగి ఉన్నాడు. ఆ రెండూ ఒక బల్ల మీదికి రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

దీన్ని దగ్గరగా చూడాలి. పొడవు సుమారు మిల్లీమీటరులో మూడోవంతు. తెల్లటి, అద్దంలాంటి ఒళ్లు, అందుకే తెల్ల దుప్పటి మీద ఉన్నా కంటికి ఆనదు. కళ్లు లేవు. నీళ్లు తాగదు. ముందరి కాళ్ల మొదట్లో ఉండే చిన్న గ్రంథుల్లో ఉప్పు ద్రావణం ఊరుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ నోటి దాకా జారుతుంది. దానికి అదే నీరు. గాలిలో తేమ డెబ్బై శాతం దాటితే దానికి పండగ. యాభై శాతానికి తగ్గి అలాగే కొన్నాళ్లు ఉంటే గ్రంథి నోట్లో ఉప్పు గడ్డకడుతుంది, పురుగు ఎండిపోయి చస్తుంది. చెమ్మ ఇల్లు, శరదృతువు, కొండ మీది పొడిగాలి, ఇన్నాళ్లుగా విడివిడిగా పడి ఉన్న ఆనవాళ్లన్నీ ఈ ఉప్పుబొట్టు దగ్గర కలుస్తాయి. మనం పడుకున్న పక్కలో దీనికి అన్నీ దొరుకుతాయి: ఒంటి వెచ్చదనం, చెమట, ఊపిరి తేమ, రాలిన చర్మం.

కుట్టని పురుగు జబ్బెలా చేస్తుందన్న డెక్కర్ నాటి ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. 1980లో మార్టిన్ చాప్‌మన్, థామస్ ప్లాట్స్-మిల్స్ ఆ ఘాటుకు ప్రధాన కారణమైన మాంసకృత్తిని వేరుచేశారు. మరుసటి ఏడాది యువాన్ టోవీతో కలిసి అది ఎక్కడ ఉందో చెప్పారు: పురుగు ఒంటిలో కాదు, దాని మలంలో. పెంపకంలో పోగైన ఆ మాంసకృత్తిలో నూటికి తొంభై అయిదు పాళ్లు మలపు ఉండల్లోనే ఉంది. ఒక్కో పురుగు రోజుకు ఇరవై దాకా ఉండలు వేస్తుంది. ఒక్కో ఉండ పుప్పొడి రేణువంత. దానిలోని మాంసకృత్తి ఆహారాన్ని అరిగించే ఎంజైము. ఊపిరిగొట్టాల లోపలి పొర కణాల మధ్య అతుకుల్ని కూడా అది సడలించగలదు.

ఈ ఉండలు బరువైనవి. కదపకపోతే గాలిలో దాదాపు కనిపించవు. కదిపితే లేచి, అరగంటలోపే చాలావరకు కిందికి దిగిపోతాయి. ఊడ్చేటప్పుడు, దులిపేటప్పుడు, పక్క విదిలించేటప్పుడే ఆయాసం ఎందుకు వస్తుందో దీనితో అర్థమవుతుంది. రోజంతా గదిలో గాలి శుభ్రం చేసే యంత్రం తిరుగుతున్నా, దిండులో ముక్కు పెట్టి పడుకునేవాడికి మైట్ల బాధ పెద్దగా తగ్గకపోవడానికి కారణమూ ఇదే.

అసలు హాని పక్కలోనే ఉందనడానికి ఊరంత సాక్ష్యం పపువా న్యూగినీ కొండల్లో దొరికింది. అక్కడి తూర్పు ఎత్తు ప్రాంతపు పల్లెల్లో ఉబ్బసం ఒకప్పుడు చాలా అరుదు. తర్వాత అకస్మాత్తుగా పెద్దవాళ్లలో పెరిగింది. 1985లో పరిశోధకులు కారణం వెతికితే, ఆ మధ్యకాలంలో పల్లెల్లోకి దుప్పట్లు వచ్చాయని తేలింది. చలికి కప్పుకోవడానికి తెచ్చుకున్నవి, ఉతికే అలవాటు లేదు. వాటి దుమ్ములో మైట్లు కిక్కిరిసి ఉన్నాయి. ఆ గాలి, ఆ మనుషులు, ఆ ఇళ్లు మారలేదు. మారింది పక్క.

మరి శుభ్రం చేస్తే జబ్బు తగ్గుతుందా? 1982లో ప్లాట్స్-మిల్స్ బృందం లండన్‌లో తొమ్మిది మంది రోగుల్ని రెండు నెలలకు పైగా ఆసుపత్రి గదుల్లో ఉంచింది. ఎక్కువమందికి ఊపిరిగొట్టాల చిరాకు తగ్గింది. అంత ఖర్చు లేకుండా ఇంట్లోనే ఆ ఫలితం వస్తుందా అన్నది తర్వాతి వెతుకులాట. 2003లో 1,122 మంది పెద్దవాళ్ల మీద జరిగిన బ్రిటిష్ అధ్యయనం, మైట్లు దూరని ప్రత్యేక తొడుగులు పరుపుకూ దిండుకూ వేస్తే సరిపోతుందా అని పరీక్షించింది. సరిపోలేదు, తేడా కనిపించలేదు. 2004లో అమెరికాలోని ఏడు నగరాల్లో 937 మంది పిల్లల ఇళ్లలో మాత్రం అన్నీ కలిపి చేశారు. ఆ పిల్లవాడికి ఏది పడదో ముందు పరీక్షలో తేల్చి, దానికి తగ్గట్టు తొడుగులు, మంచి వాక్యూమ్ క్లీనరు, గాలి శుభ్రం చేసే యంత్రం, బొద్దింకల నివారణ, చెమ్మ, బూజు, సిగరెట్ పొగ మీద ఇంటివాళ్లకు పాఠాలు ఇచ్చారు. ఆ పిల్లలకు ఆయాసం వచ్చే రోజులు తగ్గాయి, ఆ మేలు రెండో ఏడాదీ నిలిచింది. ఒక్క వస్తువు కొని చేతులు దులుపుకుంటే కుదరదని నేను దీన్ని బట్టే నమ్ముతున్నాను. ‘యాంటీ-మైట్’ అని ముద్ర వేసి అమ్మే ప్రతిదీ కొననక్కర్లేదు.

మన ఇళ్ల సంగతికి వస్తే, తెలుగు నేల ఒకటే తీరు కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో గాలి తేమను యాభైకి దించడం యంత్రం లేకుండా అయ్యే పని కాదు. అక్కడివాళ్లు తేమతో పోరాడేకన్నా పక్క మీద దృష్టి పెట్టడం మేలు. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలం మాత్రం మనకు ఉచితంగా వచ్చే దావోస్. ఏప్రిల్, మే నెలల పొడిగాలి మైట్లను చంపుతుంది. కానీ పురుగు చచ్చినా దాని మలం పక్కలోనే ఉంటుంది, నెలల తరబడి ఘాటు తగ్గదు. కాబట్టి ఎండలకు పురుగు చచ్చిన తర్వాత, మృగశిర కార్తె రాకముందే పక్కలు ఉతికి దులిపేయాలి. సంక్రాంతికీ దసరాకీ ఇల్లు దులిపే ఆనవాయితీ మనకు ఉంది. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఆ దులుపుళ్లకు మే నెలలో ఇంకొకటి కలుపుకోవాలి.

ఎండలో పరుపులు వేయమని పెద్దవాళ్లు చెప్పిన మాటకు 1994లో సిడ్నీ నుంచి గట్టి బలం దొరికింది. టోవీ, ఆన్ వూల్‌కాక్ తివాచీలను నేరుగా ఎండలో పరిచి చూస్తే కొన్ని గంటల్లో మైట్లన్నీ చచ్చాయి. మన దూది పరుపు మందం ఎక్కువ, పై పొర కాలినా లోపల చల్లగా ఉంటుంది. అందుకని మధ్యలో తిరగేసి రెండు వైపులా ఎండనివ్వాలి. తర్వాత ఆరుబయటే కర్రతో గట్టిగా దులపాలి, ఉబ్బసం ఉన్న మనిషి అక్కడ ఉండకూడదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి ఉతకాలి. నీరు 55 డిగ్రీలు, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పురుగు చస్తుంది. చన్నీళ్లలో ఉతికినా మలం చాలావరకు పోతుంది, పురుగు మాత్రం బతుకుతుంది. ఉన్ని దుప్పటికి వేడినీళ్లు పనికిరావు, ఎండే మందు. బూరుగు దూది దిండు ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు. పిల్లల మంచం మీది మెత్తటి బొమ్మలదీ అదే లెక్క.

గచ్చు మీద పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుందే గాని పోదు. తడిగుడ్డతో తుడవండి. ఫ్యాను రెక్కలు, అల్మరా పైభాగం, మంచం కింది పెట్టెలు కూడా తడిగుడ్డతోనే.

బూజు సంగతి చెబుతానన్నాను. స్టార్మ్ వాన్ లేవెన్ అనుమానం సగం సరైనదని ఎందుకన్నానంటే, ఇంటి దుమ్ములోని ప్రధాన పదార్థం బూజుది కాదు, కానీ మైటును బతికించే చెమ్మే బూజునూ పెంచుతుంది, బూజు రేణువులు కూడా ఉబ్బసం రేపుతాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి చెమ్మ, బూజు మీద విడిగా మార్గదర్శకాలు వెలువరించింది. బూజు పట్టిన గోడ మీద రంగు వేస్తే కొద్ది నెలల్లో అది పైకి వస్తుంది. ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: పైకప్పు కారుతోందా, గోడలోపలి పైపు కారుతోందా, స్నానాలగదికి గాలి బయటికి పోయే దారి ఉందా. తడిసినది ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతే బూజు పట్టదు. వానాకాలంలో పడకగదిలో బట్టలు ఆరేయొద్దు. అల్మరాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. పట్టిన బూజును సబ్బునీళ్లతో రుద్ది, ఆరనివ్వాలి. బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ పొరపాటున కూడా కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి తీస్తుంది.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే ఈ పనులేవీ వాళ్ల చేత చేయించకండి. దులిపేటప్పుడు వాళ్లను బయటికి పంపి, అయిపోయాక కనీసం అరగంట ఆగి లోపలికి రానివ్వండి. ఇల్లు ఎంత శుభ్రమైనా డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను ఆయన చెప్పకుండా ఆపకండి.